ముప్పై ఎనిమిదో రోజు తడి

పామిడి దగ్గర చెనక్కాయ చేనులో, వేరుశనగ మొక్కల మధ్య అడుగుపెట్టగానే ఆరీఫా ఠక్కున ఆగిపోయింది. ఐదో మడిలో మట్టి తడిగా ఉంది!

మొలక వచ్చినాక నలభై రోజులు చుక్క నీళ్లివ్వకూడదు. ప్లాస్టిక్ పందిరి వేసి, వచ్చిన వానను కూడా గడప బయటే నిలబెట్టిన ప్రయోగం అది. గట్లు వేసిన పన్నెండు చిన్న మళ్లు. ఆరింట్లో పాత రకం, ఆరింట్లో యూనివర్సిటీలో ఆమె ఐదేళ్లుగా తంటాలు పడి తీసిన, దప్పికకు తట్టుకోవాల్సిన కొత్త రకం. ఏ మడిలో ఏదుందో ఆమె నోటుబుక్కుకు తప్ప ఎవరికీ తెలియదు. ఈరోజు ముప్పై ఎనిమిది. ఇంకో పావుగంటలో పరిశీలకురాలు వస్తుంది. ఆమె కాదంటే ఐదేళ్ల చదువుకూ నీళ్లొదులుకోవడమే. నీళ్లే వద్దన్న చేనులో ఎంత వెటకారం!

"పెద్దమ్మా! ఈడ నీళ్లెవరు పోసినారు?"

చేనుగలామె నారాయణమ్మ దాచలేదు. "నేనే పాపా. కాయలు కట్టే ఊడలు మట్టిలోకి దిగతాండాయి. చూలాలు దప్పికంటే ల్యాదంటామా? మీ యూనివర్సిటీలో కడుపుతో ఉన్నోళ్లకు నీళ్లియ్యరా ఏం?"

"కొంప ముంచినావు కదా!"

"బిందె నీళ్లకే కొంప మునిగేట్టయితే మనకు ఈ కరువెందుకమ్మా?"

ఇంతలో జీపు ఆగింది. ఆరీఫా గైడు విష్ణువర్ధన్ ముందే దిగి, గబగబా వచ్చి తడి చూసినాడు. "పొడిమట్టి చల్లు. నోరెత్తొద్దు," అన్నాడు గొంతు తగ్గించి. వెనకే పరిశీలకురాలు వనజాక్షి వస్తోంది.

ఆరీఫా పిడికెడు మట్టి తీసుకుంది. చల్లితే పట్టా, పట్టుబడితే రట్టు. పట్టుబడకపోతే? ఈ విత్తనాన్ని నమ్మి వేసే రైతు గతి? ఆఖరికి మట్టి జారవిడిచింది.

"మేడం, మళ్లకు నీళ్లు పడినాయి. ప్రయోగం చెడింది."

విష్ణువర్ధన్ నీరుగారిపోయినాడు. వనజాక్షి నారాయణమ్మ వైపు తిరిగింది. "అన్నిటికీ పోసినావామ్మా?"

"అన్నిటికీ యాడ తెచ్చేది? తలకాయ వాల్చినవాటికే పోసినా. నిక్కుకోని ఉండేవాటికి ఎందుకు దండగ?"

"ఏవేవో చూపించు."

నారాయణమ్మ వేలు చూపిస్తూ గట్టు మీద నడిచింది. రెండు. ఐదు. ఆరు. ఆరీఫా నోటుబుక్కు పేజీలు తిప్పింది. ఎనిమిది. తొమ్మిది. పన్నెండు. ఆరుకు ఆరూ పాత రకమే! కొత్తవాటికి చెంబెడు కూడా పడలేదు.

వనజాక్షి నోటుబుక్కు లాక్కుని రెండుసార్లు సరిచూసుకుంది.

"ఇది రుజువు కిందికి రాదు. ఈ పంట లెక్క కొట్టేస్తాన్నా," అంది. నోటుబుక్కు తిరిగి ఆరీఫా చేతికిచ్చింది. "వచ్చే ఏడు ఖరీఫ్‌కు మళ్లీ వెయ్యి. అనుమతి నేను రాస్తా."

ఆరీఫా నారాయణమ్మ చేతులు పట్టుకుంది. "వచ్చే ఏడు కూడా ఈ చేనిస్తావా పెద్దమ్మా?"

"ఇస్తా గానీ, ఊడలు దిగే రోజులకు నన్ను రాయదుర్గం బస్సెక్కించి మా పుట్టింటికి తోలు. కండ్లెదురుగా ఎండతాంటే నేను చూడలేనమ్మా."