బెరడు పిట్టలు

"మూడోసారి కూడా అదే వచ్చింది మావయ్యా," అంది మేనకోడలు, గుమ్మంలోనే ఆగిపోయి.

మ్యూజియంలో పక్షుల విభాగం చూసే ఆ పెద్దాయన తల ఎత్తలేదు. "శాంపిల్‌లో ఇంకేదో కలిసుంటుంది."

"నువ్వే కోసిచ్చావు కదా! గ్లౌజులు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి. నేను తుమ్మితే కసిరావు కూడా."

నిజమే. ఎండబెట్టి దూది కూరిన ఆ పిట్టల కాలివేళ్ళ అడుగున బియ్యపు నూకంత చర్మం తనే కోసిచ్చాడు, డీఎన్‌ఏ తన పక్షానే సాక్ష్యం చెబుతుందన్న ధీమాతో. బెరడు పిట్టలన్నీ ఒకే కుటుంబమని తేల్చింది ఆయనే. వయసంతా ఆ ఒక్క పనికే ధారపోశాడు. ఇప్పుడు వాటిలో సగం కాకులకు దూరపు చుట్టాలట, తక్కిన సగానికి కాకులతో ఏ సంబంధమూ లేదట. చెట్ల నెర్రెల్లో పురుగులు వెతుక్కునే బతుకే రెంటికీ ఆ వంపు ముక్కునిచ్చిందట.

"పరిశోధన పేపర్‌లో నీ పేరే ముందు వేస్తాను."

"నన్ను పాతిపెట్టే గొయ్యి నాచేతే తవ్విస్తావా తల్లీ?"

"నీ నోటికో దండం," అంటూ ఆమె ల్యాబ్‌కి వెళ్ళిపోయింది.

ఆయన సొరుగు లాగి, పిట్టల్ని రెండు వరసలుగా విడదీసి చూశాడు. ఇంకా తోబుట్టువుల్లాగే ఉన్నాయి. కళ్ళు మూసి తెరిచాడు. అదే కనుబొమ చార, అదే మెడ వాలు. తప్పని తెలిశాక కూడా కన్ను సిగ్గుపడలేదు. ఆలోచనలో తప్పయితే దిద్దుకోవచ్చు, చూపులోనే తప్పుంటే? దేన్నైనా చూడగానే గుండెలో ఏదో తాళం పడినట్టయ్యేది. దాన్నే తెలియడం అనుకున్నాడు. స్నేహితుల్ని నమ్మింది దానితోనే. భార్య మౌనాన్ని సంతోషమని చదువుకున్నదీ దానితోనే. ఆమె పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఎవరిని అడగాలి?

మేనకోడలు మళ్ళీ పరుగున వచ్చింది, చేతిరుమాలులో ఏదో పట్టుకుని. "మా ల్యాబ్ కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిపోయింది, పాపం. ఇదేం పిట్టో మా వాళ్ళలో ఒక్కడికీ తెలీదు. నువ్వు చెప్పు."

రుమాలు పూర్తిగా విప్పకముందే ఆయనకు తెలిసిపోయింది. గుండెలో తాళం పడింది, ఎప్పటిలాగే.

"తెలీదమ్మా. పరీక్షకి పంపు."

"అబ్బో, దెప్పుతున్నావా!" ఆమె పకపకా నవ్వింది. ఈయన మళ్ళీ మామూలు మనిషయ్యాడని ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన దెప్పలేదు. పిట్ట మెడ ఇంకా వెచ్చగానే ఉంది. దాని పేరు నాలుక చివరే ఉంది. ఆయన పెదవులు బిగించి, అది వెనక్కి పోయేదాకా ఎదురుచూశాడు.