సిలువ గీసిన ప్లేటు

ల్యుబిషా తన కారును నడుపుకుంటూ రాలేదు. ట్రాక్టరు వెనక తాడుతో కట్టించి, సంతలో తప్పిపోయి దొరికిన దూడను తెచ్చినట్టు ఊరి మధ్యలోంచి ఈడ్పించుకొచ్చాడు. క్రుషిక ఊళ్లో కాఫీ తాగుతున్నవాళ్లంతా కప్పులు కిందపెట్టి చూశారు. ఎవరి షెడ్డు ముందు ఆగుతుందో చూసి కప్పులు మళ్లీ ఎత్తడం మరిచిపోయారు.

ఆగింది విటోమిర్ షెడ్డు ముందు.

విటోమిర్ మామూలు మెకానిక్ అయితే ఇదో బేరం అంతే. కానీ అతను ల్యుబిషాకు కూమ్, అంటే దేవుడి ముందు కట్టుకున్న చుట్టం. ల్యుబిషా పెళ్లికి సాక్షిగా నిలబడ్డాడు, కొడుకు వూకన్‌ను బాప్తిస్మంలో చేతుల్లోకి తీసుకున్నాడు. వచ్చే ఆదివారం ఆ వూకన్ పెళ్లిలో వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని పక్కన నిలబడాల్సిందీ అతనే. పొలం గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నా ఊరు సర్దుకుంటుంది. కూమ్‌తో తగువు పడినవాడి ఇంటి గుమ్మం మాత్రం మళ్లీ ఎవరూ తొక్కరు.

అలాంటిది ల్యుబిషా దిగీ దిగగానే దండం లేదు, ముద్దు లేదు.

"కూమే, వసంతంలో నువ్వు నా కారుకి కొత్త క్లచ్ ప్లేటు వేశావా, పాతదానికే కొత్త పేరు పెట్టావా?"

విటోమిర్ చేతిలోని పానా చేతిలోనే ఉండిపోయింది.

జరిగింది ఇదీ. పెళ్లి బల్లలు వేసేది కొండ మీద చర్చి పక్కనున్న సావిట్లో. అక్కడికి పిండి బస్తాలూ వైన్ పీపా ఎక్కించుకుని ల్యుబిషా పొద్దున్నే బయల్దేరాడు. కారు పాత జస్తావా, వెనక తొట్టె ఉన్న రకం. రాస్ప్‌బెర్రీ బుట్టలూ, మేకపిల్లలూ, అవసరమైతే శవపేటికలూ మోసే బండి. రేగుచెట్టు మలుపు దగ్గర ఇంజను గొంతు చించుకుంది గాని చక్రాలకు వినబడలేదు. మాడిన వాసన వచ్చింది. తర్వాత కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. పీపా పగిలి వైనంతా రోడ్డు పాలైంది.

ఊరికి నోట మాట రాకుండా చేసింది వైన్ కాదు, ఆ మలుపు. చలికాలంలో ల్యుబిషా తల్లి దేసంకను ఇదే కారులో శ్మశానానికి తీసుకెళ్తుంటే ఇదే మలుపులో ఇలాగే జారింది. వెనక నడిచొస్తున్న బంధువులు పూలదండలు వదిలేసి పక్కకు దూకారు. ఆవిడ పేటికతో సహా తన ఇంటి గేటు దాకా తిరిగొచ్చేసింది. పోవడం ఇష్టం లేక వచ్చేసిందని ముసలమ్మలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అవమానం తర్వాతే ల్యుబిషా కొత్త ప్లేటు కొని తెచ్చాడు. దాన్ని బిగించింది విటోమిరే.

క్లచ్ అనే వస్తువు పనంతా పట్టువిడుపుల్లోనే ఉంది. ఆ రోజు ల్యుబిషాకు పట్టే తప్ప విడుపు లేదు, అతని కారుకు విడుపే తప్ప పట్టు లేదు. ఇద్దరి మధ్యా నలిగేది మెకానిక్.

విటోమిర్ మాట జారలేదు. ఒకటి జారింది చాలనుకున్నాడు. కారులో కూర్చుని చేతి బ్రేకు లాగి, పై గేరు వేసి, కాలు మెల్లగా పెడల్ మీంచి తీశాడు. క్లచ్ పట్టు బాగుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. ఇది ఆగలేదు. పెళ్లికి ముందే పెళ్లిపాట ఎత్తుకున్న మేనత్తలా హాయిగా పాడుతూనే ఉంది. కేబుల్ బిగువెక్కి పెడల్‌కు ఆట, ఆ కాస్త వదులు, లేకుండా పోయిందేమో చూశాడు. ఆట ఉంది. ఇంజను వెనక నూనె కారి ప్లేటు మీద పడుతోందేమోనని వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ఇక మిగిలింది ఒకటే. గేర్‌బాక్సు దించాలి.

"నా కళ్ల ముందే దించు," అన్నాడు ల్యుబిషా.

ఊరు కూడా తన కళ్లు తెచ్చుకుని గేటు దగ్గర నిలబడింది. ల్యుబిషా తండ్రి మిలిసావ్ ఎప్పుడొచ్చాడో వచ్చి, తలకిందులు చేసిన బుట్ట మీద కూర్చున్నాడు. ఈ షెడ్డు ఒకప్పుడు ఆయనదే. పానా ఎటు తిప్పితే బిగుస్తుందో, నోరు ఎప్పుడు బిగించాలో రెండూ విటోమిర్‌కు నేర్పిన మేస్త్రీ ఆయనే. మామూలుగా అయితే పక్కన కూర్చుని వెధవా, దద్దమ్మా అంటూ ప్రేమగా పని చెప్పేవాడు. ఆ రోజు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. విటోమిర్‌కు మొదట గుబులు పుట్టించింది ఆ మౌనమే.

గేర్‌బాక్సు దిగింది. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఊడాయి. క్లచ్ ప్లేటు అతని అరచేతిలోకి వచ్చి పడింది.

విటోమిర్‌కు ఒక అలవాటుంది. తను విప్పిన ప్రతి పాత ప్లేటు మీదా ఉలితో ఒక చిన్న సిలువ గీస్తాడు. దాన్ని ఏ ఘనుడూ రంగేసి కొత్తదని అమ్మకుండా అన్నమాట. చచ్చినదానికి సిలువ ఉండాలిగా అని తనే నవ్వుతాడు కూడా. గీశాక ప్లేటును సొంతదారు చేతికిస్తాడు. సొంతదారు దాన్ని పారేయడు. ఎప్పుడు ఏం అవసరం వస్తుందోనని పాకలో మేకుకు తగిలిస్తాడు. క్రుషికలో ఏ పాకలో చూసినా అలాంటి మేకులూ అలాంటి సిలువలూ ఉంటాయి.

ఇప్పుడు అతని అరచేతిలో ఉన్న ప్లేటు రివెట్ల దాకా అరిగి ఉంది. దాని మీద సిలువ ఉంది. తన ఉలి గీత, తన చేతి వంకర.

పాతిపెట్టి, పూలు వేసి, భోజనాలు కూడా తిని వచ్చిన మనిషి మర్నాడు ఎదురొచ్చి పొగాకు అడిగితే ఎలా ఉంటుందో విటోమిర్‌కు అలా ఉంది. ప్లేటు ఫిరాయించిన మనుషుల్ని అతను ప్రతి ఎన్నికల్లోనూ చూశాడు. మూసిన గేర్‌బాక్సులో కూర్చుని తనంతట తనే ఫిరాయించిన ప్లేటును మాత్రం ఎన్నడూ చూడలేదు. కొత్తది వేసిన సంగతి గుర్తుంది. గుర్తుందా? ఆ రోజు కొత్త ప్లేటు ఆయుష్షు కోసమని ల్యుబిషా రేగుసారా పోశాడు. తను తాగాడు. మళ్లీ పోశాడు. మళ్లీ తాగాడు. తన చేతుల్ని చూసుకున్నాడు. తెలియని వాళ్ల చేతుల్లా కనిపించాయి.

సిలువను బొటనవేలితో కప్పేయొచ్చు. నల్ల పొడిని కాస్త రుద్దితే ఎవరికీ కనబడదు. ఆ ఆలోచన వచ్చినందుకు కూడా బెదిరిపోయి, ప్లేటును అలాగే చాపి ల్యుబిషాకు చూపించాడు.

ల్యుబిషా దాన్ని చూశాడు. పొద్దుట్నించీ అరుస్తున్నాడే గాని, తన అరుపును తనే నమ్మలేదని అప్పుడు అర్థమైంది. తిన్నది అరగనివాడిలా నిలబడి, బాగా అరిగిన ఆ ప్లేటు వైపే చూస్తుండిపోయాడు. గేటు దగ్గర ఒకావిడ సిలువ గుర్తు వేసుకుంది.

చేయడానికేం తోచక విటోమిర్ మళ్లీ గేర్‌బాక్సు మీదికి వంగాడు. ప్లేటు జారే ఇరుసును గుడ్డతో తుడిచాడు. గుడ్డకు తెల్లగా ఏదో అంటింది. వాసన చూశాడు.

పందికొవ్వు.

విటోమిర్ ఇరుసుకు గ్రీజు రాస్తాడు. లోకమంతా గ్రీజే రాస్తుంది. గ్రీజు దొరకని చెడ్డ ఏళ్లలో పందికొవ్వు రాయడం మరిగి, దొరికాక కూడా మానని మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. యంత్రమైనా మనిషైనా ఒంటికి పట్టేది ఇంటి కొవ్వేరా అనేవాడు. ఆ మనిషి ఇప్పుడు బుట్ట మీద కూర్చుని కొండ వైపు చూస్తున్నాడు.

విటోమిర్ గుడ్డను మళ్లీ వాసన చూశాడు. మేస్త్రీయా? కొడుకు కారులోంచి కొత్త ప్లేటు దొంగిలించాడా? ఎనభై దాటిన మనిషి గేర్‌బాక్సు ఎలా దించాడు? పెళ్లి బట్టల కోసం ల్యుబిషా వాళ్లంతా పట్నం బస్సెక్కి వెళ్లి ఆగిన రోజులు గుర్తొచ్చాయి. ఆ ఇంటి పెరట్లో, కారు కింద పని చేయడానికి దిగే గుంట గుర్తొచ్చింది. చలికాలంలో కోసిన పందిని పైకెత్తే కప్పీ గుర్తొచ్చింది. ఎలా అన్నది తెలిసిపోయింది. ఎందుకన్నదే తెలియలేదు.

గుడ్డను ఎత్తి ల్యుబిషా ముక్కు దగ్గర పెడితే చాలు, తను బయటపడతాడు. ఊరంతటి ముందూ మేస్త్రీ పడిపోతాడు. విటోమిర్ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేనే తాగి పాతది వేసేసి ఉంటాను, కూమే. తప్పు నాదే."

ల్యుబిషా శవం ముందు తీసినట్టు టోపీ తీశాడు. ఆ టోపీ తీయడం చూసి గేటు దగ్గర గుసగుసలు ఆగిపోయాయి.

"అయితే ఆదివారం," అన్నాడు ల్యుబిషా. "ఆదివారం నా కొడుకు పక్కన నువ్వు..."

"ఒరే ల్యుబిషా, నోర్ముయ్," అన్నాడు మిలిసావ్. గొంతు పెంచలేదు. "నువ్వూ మూసుకోరా విటో. అబద్ధం చెప్పడం నీకు నేర్పలేదు నేను, అందుకే ఇంత దరిద్రంగా చెప్తున్నావు. నా మంచం కింద సూట్‌కేసు ఉంది, పట్రా పోరా."

ల్యుబిషా కదల్లేదు. ఆ సూట్‌కేసు ఏమిటో అతనికి తెలుసు. ప్రతి ఇంట్లో ముసలివాళ్ల మంచం కింద ఉండేదే. పోయాక తొడగాల్సిన బట్టలు అందులో ఉంటాయి. మనిషి ఉండగా దాన్ని ఎవరూ తెరవరు. పేరులోనే సావు పెట్టుకున్న మిలిసావ్, ఆ ఏర్పాట్లు ఎప్పుడో చేసుకున్నాడు.

ఆయన కర్రతో నేల మీద కొట్టాక గాని కొడుకు వెళ్లలేదు. వెళ్లి, పెట్టెను ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని తెచ్చాడు. బెంచీ మీద పానాల మధ్య దాన్ని తెరిచారు. నల్ల సూటు. తెల్ల చొక్కా. నేల తాకని బూట్లు. కొవ్వొత్తులు. పేటిక మోసేవాళ్ల భుజాన వేయాల్సిన తువ్వాళ్లు. వాటి అడుగున, దేసంక తలగుడ్డలో చుట్టి, కొత్త క్లచ్ ప్లేటు.

ల్యుబిషా చెయ్యి సూటు మీదికి వెళ్లి, కాలినట్టు వెనక్కొచ్చింది.

"మీ అమ్మను ఆ మలుపులో వెనక్కి దొర్లించారు," అన్నాడు మిలిసావ్. "జన్మంతా ఈ ఊరి బండ్లు బాగుచేసినవాడి పెళ్లాన్ని. నేను వెనకే నడుస్తున్నా. పేటిక నా మీదికే వచ్చింది."

కాసేపు కర్ర తలను నిమిరాడు. తర్వాతి మాటలు ఎవరికీ చెబుతున్నట్టు లేవు. కొత్త ప్లేటు వచ్చిందని సంతోషించాడట. మర్నాడే కొడుకు దాని మీద బుట్టల మీద బుట్టలు వేయడం చూశాడట. తన వంతు వచ్చేసరికి ఇదీ అరిగిపోతుందని భయం పట్టుకుందట. పాకలో మేకుకున్న పాతదాన్ని గరుకు కాగితంతో రుద్ది, చదును రోడ్డుకు చాలుతుందనుకుని వేశాడట. కొండ ఎక్కేది పోయినవాళ్లే కదా అనుకున్నాడట. పెళ్లి బల్లలూ కొండ మీదే వేస్తారని ఆ ముసలి బుర్రకు తట్టలేదు.

విటోమిర్ కొత్త ప్లేటును చేతిలోకి తీసుకున్నాడు. "మరి మీరు పోయాక అది ఎవరు బిగించాలి మేస్త్రీ?"

"నువ్వే. రాత్రంతా నన్ను ఇంట్లోనే ఉంచుతారుగా. ఆ టైము చాలదట్రా నీకు? నేనైతే అందులో సగం టైములో బిగించేవాణ్ని."

ల్యుబిషా టోపీ మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయి, దాన్ని నలుపుతూ విటోమిర్ దగ్గరికొచ్చాడు. అతని జేబులోంచి బయటికి వేలాడుతున్న ఆ జిడ్డు గుడ్డను లాగి వాసన చూశాడు. అతని మొహం మారింది.

"నీకు ముందే తెలుసా?"

విటోమిర్ గుడ్డను లాక్కుని మళ్లీ జేబులో దోపుకుని, బోల్టులు ఏరుకోసాగాడు. ల్యుబిషా ఊరంతటి ముందూ వంగి అతని భుజాన్ని ముద్దు పెట్టుకున్నాడు, పెళ్లిలో కూమ్‌కు పెట్టినట్టు. ఆదివారం గురించి ఇంకెవరూ అడగలేదు.

కొత్త ప్లేటు లోపలికి వెళ్లింది. ఇరుసుకు విటోమిర్ గ్రీజు డబ్బా తీశాడు. మిలిసావ్ అతని వైపు ఒక చూపు చూశాడు. విటోమిర్ డబ్బా మూసి, భార్యను పిలిచి వంటింట్లోంచి పందికొవ్వు తెప్పించాడు.

ఎండ తగ్గకముందే పరీక్షకు బయల్దేరారు. ముందు సీట్లో మిలిసావ్, వెనక తొట్టెలో పిండి బస్తాల మీద ల్యుబిషా. రేగుచెట్టు మలుపులో, సరిగ్గా అక్కడే, విటోమిర్ కారు ఆపాడు. ల్యుబిషా తొట్టె అంచు గట్టిగా పట్టుకున్నాడు. రోడ్డు మీద వైన్ మరక ఇంకా ఎర్రగా ఉంది. విటోమిర్ కాలు మెల్లగా పైకి తీశాడు. ఇంజను ఒక్కసారి మూలిగింది. కారు ఒక్క వేలెడు కూడా జారకుండా, గొంతు పెంచకుండా ఎక్కేసింది.

మలుపు దాటాక మిలిసావ్ ఊపిరి వదిలాడు.

"ఇంత మెల్లగా పోతావేంరా? నేనింకా బతికే ఉన్నా."

పైన దేసంక సమాధి రాయి దగ్గర ఆపమన్నాడు. రాయి మీద ఆవిడ ఫోటో, పక్కనే ఆయన ఫోటో, ఆయన పేరు, పుట్టిన ఏడాది, దాని పక్కన పోయే ఏడాది కోసం వదిలిన ఖాళీ. విటోమిర్ దాన్ని ఎన్నిసార్లు చూశాడో. ఆ వేళ మాత్రం ఆ ఖాళీ మీంచి చూపు తిప్పుకున్నాడు. మిలిసావ్ అతని జేబులోంచి ఆ కొవ్వు గుడ్డ లాక్కుని రెండు ఫోటోలూ తుడిచాడు. గాజు మీద తెల్లటి జిడ్డు చార పడింది.

"ఎక్కిందే," అన్నాడు భార్యతో. "చూశావుగా, ఎక్కింది."

తర్వాత వెనక్కి తిరిగి, బస్తా ఒకటి తనే ఎత్తుకోబోయాడు. ల్యుబిషా పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.