తాళం వేసిన ఫోను పక్కన

నేను ఒక రెండో మోడెమ్‌ని. రెండో అన్నానని చిన్నచూపు చూడకండి. కాకినాడలో మురళీధర్ ఇంటి కంప్యూటర్‌లో ఒక బోర్డు నడిచేది. ఊళ్లో కంప్యూటర్లున్నవాళ్లు ఫోను మీదుగా అందులోకి వచ్చి కబుర్లు రాసిపెట్టి పోయేవారు. వాళ్లను లోపలికి రానిచ్చేది మా అన్న, మొదటి మోడెమ్. వచ్చినవాళ్లను రెండో ఫోను లైను మీద పైఊరి బోర్డులకు చేర్చేది నేను. ఇంట్లోకి రానివ్వడం ఎవరైనా చేస్తారు, బయటికి పోనివ్వడానికే గుండె కావాలి.

మురళీధర్ డ్యూటీకి వెళితే బోర్డు బాధ్యత భార్య సుభాషిణిది. ఇంటర్ సగంలో ఉండగా పెళ్లి చేసేశారు. ఉయ్యాల్లో పిల్లాడు తుమ్మితే ఆమెకు గుండె దడ. అందుకేనేమో, పద్మజ అనే ఆవిడ వస్తే చాలు, ముందు నన్ను ఖాళీ చేసి ఇచ్చేది. పద్మజ పాపకు తరచూ రక్తం ఎక్కించాలి. ఇచ్చేవాళ్ల కబురు విశాఖ బోర్డులో దొరికేది. ఆవిడ ఫోనుకేమో ఎస్టీడీ లేదు, పైఊళ్లకు పోదు.

ఒకనాడు బోర్డుకొచ్చినవాళ్లెవరో విశాఖ నంబరులో ఒక అంకె తప్పు కొట్టారు. లైను కలపడానికి నేను పెట్టే కీచుమనే కూత వెళ్లి వెళ్లి విశాఖలో మామగారి వియ్యంకుడి, అంటే సుభాషిణి నాన్నగారి చెవిలో పడింది. మనవడి అన్నప్రాసనకొచ్చినప్పుడు విన్న కూతే కనక ఆయన ఇట్టే పోల్చుకున్నాడు.

మామగారు సోమయాజులుగారికి తల తీసేసినట్టయింది. దారినపోయేవాళ్లకంతా మన పెరటి తలుపు తీసిపెట్టామా అని కేకలేసి, రెండో ఫోను డయలుకు బుల్లి తాళం బిగించి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు.

నాకు నవ్వొచ్చింది. డయలు తిప్పడానికి నాకు వేళ్లెక్కడివి? నంబరు నేనే లోపల్లోపల టకటకమని కొట్టుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం పద్మజ కోసం నా దీపాలు వెలిగేసరికి ఆయన జంధ్యం తడుముకున్నారు.

"తాళం ఉందా అమ్మాయ్?"

"ఉంది మావయ్యగారూ. చెవి కూడా మీ దగ్గరే ఉంది. దీనికి డయలుతో పనిలేదు."

ఆయన వంగి నా తీగ పట్టుకున్నారు. సుభాషిణి కంప్యూటర్ ముందునుంచి పక్కకి జరిగింది.

"పీకండి. పీకాక పద్మజగారికి మీరే చెప్పండి, మీ పాపకి రక్తం కబురు ఇంక రాదని. నేను చెప్పలేను."

తీగ ఆయన గుప్పిట్లో ఉండగానే నేను కూశాను, ఎప్పటికన్నా గట్టిగా. విశాఖ బోర్డు పలికింది.

ఆయన తీగ వదిలేశారు. "ఆ కూత కాస్త తగ్గించు, పిల్లాడు లేస్తాడు" అని వీధి అరుగు మీదికి వెళ్లిపోయారు. తాళం మాత్రం తియ్యలేదు. పెద్దరికం కూడా ఎక్కడో ఓ చోట వేలాడాలిగా.

ఇప్పుడు పాతసామాన్లవాడి గోనెలో ఉన్నాను. పక్కనే ఆ ఫోను. చెవి ఎప్పుడో పోయింది, తాళం ఇంకా వేసే ఉంది.

నాకు ఒక్క తీగ తగిలించి చూడండి.