తిరగేసిన సీసాల పెట్టె

మా అన్నయ్యకు అబద్ధం చెప్పడం రాదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. నలభై ఏళ్ళుగా ఆ నమ్మకాన్ని పెంచి పోషించినదాన్ని నేనే. అందుకే ఇప్పుడు ఎవరి మీద కేకలెయ్యాలో తెలియడం లేదు. అయినా వేస్తాను.

అన్నయ్య పాత వీడియో గేములు సేకరిస్తాడు. సేకరించడమంటే అటక మీద రెండు డబ్బాలు దాచుకోవడం కాదు. వాళ్ళింట్లో ఒక గది మొత్తం వాటిదే. నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల్లో గేమ్ క్యాసెట్లు, ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ తొడుగు. ఆదివారం వస్తే దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి వాటి లోపలి రాగి పళ్ళు తుడుస్తూ కూర్చుంటాడు. "ఆ శ్రద్ధలో పదో వంతు ఈ గట్టు మీద పెడితే నా నడుం నిలబడేది" అని వంటగదిలోంచి మా వదిన దెప్పుతూ ఉంటుంది. ఆయనకు వినపడదు.

ఈ మధ్య బుల్లి ఆర్కేడ్ మెషీన్ల పిచ్చి కూడా పట్టుకుంది. ఆటల హాళ్ళలో నిలబడి ఆడే ఆ పెద్ద పెట్టెలను ఆరో వంతుకు కుదించి చేసిన నమూనాలు. అడుగు ఎత్తు కూడా ఉండవు గానీ చూపుడువేలి కొనతో నొక్కితే నిజంగానే ఆడతాయి. వాటిని చేసే మనిషి తలుపులో పట్టనంత భారీగా ఉంటాడు. అందరూ ఆయన్ని బుల్లి మేస్త్రి అంటారు. అన్నయ్య ఆయన ప్రాణం తీస్తాడు. "అచ్చు గుద్దినట్టు ఉండాలి మేస్త్రీ" అంటాడు. ఒక స్క్రూ తల తేడాగా ఉందని మొత్తం మెషీన్ తిప్పి పంపేసిన ఘనుడు.

మూడు నెలల క్రితం నాకు ఫోన్లు మొదలయ్యాయి. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. చేతిలో అద్దం ఉన్నప్పుడు ఫోన్ ఎత్తను. ఆ రోజు ఎందుకో ఎత్తాను.

"ఏమే, ఆ మెషీన్ మీద సిగరెట్ కాలిన మచ్చ ఎడమవైపా, కుడివైపా?"

ఏ మెషీనో నేను అడగలేదు. "ఎడమవైపు. మీటకీ మొదటి బటన్‌కీ మధ్యలో."

"ఎంత దూరంలో?"

"నా చిటికెనవేలు పట్టేంత. అప్పటి చిటికెనవేలు."

ఆ తర్వాత వారానికి రెండుసార్లు చేసేవాడు. గుళ్ళు పేల్చే బటన్ ఎటు చీలింది? మీట ఏ వైపు పట్టేసేది? ముందు స్టూల్ ఉండేదా? "స్టూల్ కాదు, తిరగేసిన కూల్‌డ్రింక్ సీసాల పెట్టె. నా మోకాలి కంటే కొంచెం తక్కువ ఎత్తు" అని చెప్పాను. చెబుతుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో! ఇన్నాళ్ళకు ఈ మనిషికి బుద్ధి పుట్టింది, ఆ రోజు సంగతి నలుగురిలో చెప్పబోతున్నాడు అనుకున్నాను. అద్దాలు అరగదీస్తూ నాలో నేను నవ్వుకున్నాను కూడా. వెర్రిదాన్ని.

ఆ రోజు సంగతి ఇదీ. నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకు పదమూడు. మా ట్యూషన్ పక్కనే ఆటల హాలు ఉండేది. అక్కడ ఉల్కల మధ్య ఓడ నడిపే ఆటకు పోటీ పెట్టారు. అన్నయ్య పేరు ఇచ్చాడు. తీరా పిలిచేసరికి చేతులు గడగడ వణికి, గోడవైపు తిరిగి కక్కుకున్నాడు. "పిలిచిన పేరు మీద ఎవరో ఒకరు ఆడండి" అన్నాడు హాలు ఓనరు. నేను పెట్టె ఎక్కాను. రెండు గంటలు ఆడాను. గెలిచాను. బహుమతిగా టీవీకి తగిలించుకునే గేమ్ ఇచ్చారు, కాగితం మీద పేరు మాత్రం అన్నయ్యది. ఆ సమయానికి నేను లెక్కల ట్యూషన్‌లో ఉండాలి. అమ్మకు తెలిస్తే వీపు చిట్లుతుందని భయపడి "ఇంట్లో నువ్వే ఆడావని చెప్పు, తర్వాత అసలు సంగతి చెబుదాం" అన్నాను. ఆ తర్వాత అన్నది ఇంతవరకూ రాలేదు.

పోయిన శనివారం పాత ఆటల సంఘం వాళ్ళు ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెట్టారు. నేను దుకాణంలో సగం రోజు సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాను. అన్నయ్య బల్ల సరిగ్గా మధ్యలో ఉంది. దాని మీద నా మెషీన్, అరచేతిలో పెట్టుకోవాలనిపించేంత ముద్దుగా. ఎడమవైపు కాలిన మచ్చ, చీలిన బటన్, ముందు తిరగేసిన సీసాల పెట్టె. నా కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకుని పక్కనున్న కార్డు చదివాను.

"నా తొలి విజయం. పదమూడేళ్ళ వయసులో ఈ మెషీన్ మీదే పోటీ గెలిచాను. ఆ క్షణమే నన్ను సేకరణ వైపు నడిపించింది."

పక్కన నాకొచ్చిన గేమ్. దాని పక్కన గాజు కింద అన్నయ్య ఆ ఏటి స్కూలు ఫోటో.

అన్నయ్య చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. ఆయన చెయ్యి గాల్లో ఆడిస్తూ చెబుతున్నాడు: "మీట ఎడమకి పట్టేసేదండీ. వేళ్ళతో లాభం లేదు. అరచేతి మొదలుతో ఇలా తోసేవాణ్ణి."

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ అరచెయ్యి నాది. ఫోన్‌లో నేను చెప్పిన మాట అది. పట్టపగలు, నా కళ్ళెదుటే, నా చేతిని తన చెయ్యిగా చెప్పుకుంటున్నాడు. జనం ఆహా ఓహో అంటున్నారు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు. సిగ్గు లేదా మనిషికి?

అప్పుడు నా చూపు పెట్టె మీద పడింది. తర్వాత ఫోటో మీద. వెనక వరసలో, మాస్టారి కంటే నాలుగంగుళాలు పైకి, మా అన్నయ్య తల.

"మేస్త్రీ," అన్నాను, హాలంతా వినపడేలా. బల్ల పక్కన కుర్చీ నిండా కూర్చున్న బుల్లి మేస్త్రి లేచాడు. "ఈ పెట్టె ఎక్కి ఆడింది ఎంత ఎత్తు మనిషి అయ్యుంటారు?"

పాపం, ఆయనకు నా కోపం ఏం తెలుసు? కొలత అడిగితే చాలు, ఆయనకు పండగే. జేబులోంచి చిన్న స్కేలు తీసి పెట్టె కొలిచాడు, పెట్టె మీద నుంచి మీట దాకా కొలిచాడు, వేళ్ళ మీద ఆరుతో హెచ్చవేశాడు. "నాలుగడుగులుంటారమ్మా. ఆ పైన ఓ అంగుళమో రెండో. అంతకంటే పొడుగైతే మీట తొడల దగ్గరకొస్తుంది, నడుం విరగ్గొట్టుకుని ఆడాలి."

పదిమందీ ఫోటో వైపు తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. "మరి మీకు పెట్టె ఎందుకండీ?" అని ఒకాయన అమాయకంగా అడిగాడు.

అన్నయ్య నీళ్ళు నమిలాడు. "అది... ఊరికే అక్కడుండేది" అని, రెండు వేళ్ళతో పెట్టెను ఎత్తి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అదేంటి సార్!" మేస్త్రికి పౌరుషం వచ్చింది. "పెట్టె లేకపోతే మొత్తం అబద్ధమైపోతుందని మీరే కదా నాతో నాలుగుసార్లు చేయించారు?"

నేను అన్నయ్య మోచెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరకు లాక్కెళ్ళాను. వదిన కూడా వెనకే వచ్చింది.

"జేబులోంచి తియ్యి."

"ఇంత చిన్నదానికి నలుగురిలో నా పరువు తీస్తావా? నువ్వే కదా చెప్పమన్నావు!"

"అమ్మకి చెప్పమన్నాను. అదీ ఆ పూటకి. కార్డు కొట్టించి లోకానికి చెప్పమన్నానా? నాతోనే కొలతలు చెప్పించుకుని నన్నే చెరిపేస్తావా?"

అన్నయ్య గొంతు తగ్గింది. "నిజం చెప్తున్నా. చెప్పీ చెప్పీ నేనే ఆడినట్టు కళ్ళకి కడుతోందే."

"నీ కళ్ళకి కట్టేది నా వీపు అన్నయ్యా. నువ్వు చూసింది అదే."

వదిన ముక్కు మీద వేలేసుకుంది. నాకు ఇంకా మంట చల్లారలేదు. "అన్నట్టు, అచ్చు గుద్దినట్టు కూడా లేదు. పెట్టెలో తప్పుంది."

చూడాలి ఆయన మొహం! అబద్ధం బయటపడినప్పుడు కూడా అంత పాలిపోలేదు. "తప్పా? ఎక్కడ?"

"ముందు కార్డు మార్చు."

మార్చాడు. కార్డు వెనక్కి తిప్పి, మెట్ల మీద కూర్చుని రాశాడు. "ఈ మెషీన్ మీద పోటీ గెలిచింది మా చెల్లెలు. అప్పుడు తనకి తొమ్మిదేళ్ళు. నా పేరు మీద ఆడింది." నా కోసం కాదు, పెట్టెలో తప్పేంటో తెలుసుకోవడానికి రాశాడని నాకు తెలుసు. అది తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. వెళ్ళి బల్ల మీద పెట్టి, పదిమంది ముందూ నిలబడ్డాడు. వాళ్ళు చదివేదాకా కదలనివ్వలేదు నేను.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

"ఆ పెట్టెకి ఒక మూల విరిగిపోయి ఉండేది. నేను మీట తోసినప్పుడల్లా ఊగేది. ఆ రెండు గంటలూ దాన్ని కదలకుండా కింద కూర్చుని పట్టుకున్నదెవరు?"

అన్నయ్య నెమ్మదిగా కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. బొటనవేలి కింద చిన్న తెల్లటి గీత. పెట్టెలోని మేకు దిగినా చెయ్యి తియ్యలేదు ఆ రోజు.

"ఇదేంటని నేనడిగితే చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డానన్నారు" అంది వదిన.

"ఆ మూల సంగతి కావాలనే చెప్పలేదు నీకు," అన్నాను. "అది నేను చెప్పాల్సింది కాదు, నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది. మా చెల్లెలు గెలిచింది, నేను పెట్టె పట్టుకున్నాను అని చెప్పుకుంటే నీకేం తక్కువయ్యేది?"

ఆయన జేబులోంచి పెట్టె తీసి, మేస్త్రి దగ్గర సన్నటి కత్తి అడిగి తీసుకున్నాడు. మూల మీద కత్తి ఆనించాడు. చేతులు గడగడ వణికాయి, అచ్చం ఆ రోజులాగే. రెండుసార్లు ప్రయత్నించి కత్తి నా చేతిలో పెట్టాడు.

"నా వల్ల కాదు. నువ్వు చెయ్యి."

బుల్లి పెట్టెను బల్ల మీద పెట్టి, తాను కింద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పట్టుకున్నాడు. నా కోపం తగ్గలేదు. అయినా నేను మూల తెగ్గొడుతున్నంతసేపూ ఆ పెట్టె వెంట్రుకవాసి కూడా కదల్లేదు.