తిరుగుడు పలక

నటరాజ్ ఆవడి నుంచి మోసుకొచ్చిన పలకను సరసమ్మ ముందు పెట్టాడు. రెండు చెక్కలు, వాటి మధ్య పాత ఇనుము అంగట్లో కొన్న బేరింగు. వేలితో తోస్తే పై చెక్క గిర్రున తిరుగుతోంది.

"ఇంక మా అమ్మ అక్కర్లేదత్తా నీకు," అన్నాడు సంబరంగా.

వాడి అమ్మ చెంచమ్మ సరసమ్మకు ఆడబిడ్డ. మొగుళ్లు పోయినాక ఇద్దరూ పొదటూరుపేటలో ఒకే ఇంట్లో ఉంటూ బొంతలు కుట్టి బతుకుతున్నారు. మగ్గాల దగ్గర మిగిలిన లుంగీ ముక్కల్ని దొంతిగా పేర్చి, ఇనుప స్కేలు అదిమిపెట్టి, తోలు కోసే కత్తితో చదరాలుగా కోస్తుంది సరసమ్మ. ఒక వైపు కోశాక దొంతిని తిప్పాలి. ఒక్క పొర జరిగినా చదరం వంకరపోతుంది. మోకాళ్ల నొప్పితో లేచి అటువైపు పోవడం ఆమె వల్ల కాదు. చెంచమ్మే ఎదురుగా కూర్చుని, రెండు అరచేతులతో పొర చెదరకుండా తిప్పుతుంది.

తిరుత్తణిలో చెంచమ్మ కూతురు రాజామణికి ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి చెంచమ్మది ఒకటే మాట: "వదినకు ఎవురు తిప్పుతారు? నేనెట్ల పోయేది?" అందుకే ఈ పలక.

పనికిరాకపోతే బాగుండునని అనుకుంటూనే సరసమ్మ కత్తి పట్టింది. ఒక వైపు కోసి పలకను తోసింది. దొంతి దొంతిగానే తిరిగింది. నాలుగు వైపులూ అయ్యాక పై ముక్కనూ అడుగు ముక్కనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. అంచులు కలిశాయి.

బాగలేదు అంటే చాలు, చెంచమ్మ ఆగిపోతుంది. తన మొగుడు మద్రాసు ఆసుపత్రికి పోయినప్పుడూ, తమ్ముడు బొంబాయి మిల్లుకు పోయినప్పుడూ తొందరగా వచ్చేస్తామనే పోయారు, తిరిగి రాలేదు. కానీ అక్కడ ఆ పిల్లకు మంచినీళ్లు అందించే మనిషి లేదు.

"ఏంది వదినా, నోట్లో వక్క పెట్టుకున్నావా? సెప్పు."

"బాగుండాది. నీకంటే బాగా తిప్పుతాది. గొణగదు, మద్దెలో కాఫీ అడగదు."

"ఓహో! ఇన్నేండ్లు తిప్పిన చేతులకు ఇదా మర్యాద?" చెంచమ్మ నవ్వబోయి, మొహం తిప్పుకుని మూట కట్టడానికి లేచింది.

సరసమ్మ ఈసారి బొంత అంచుకు వేసే పొడుగు పట్టీ కోయబోయింది. గుడ్డ రెండు పక్కలా కిందికి వేలాడింది. కత్తి ఒత్తగానే పలక పక్కకు తిరిగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే.

"అల్లుడా, చదరాలకైతే నీ పలక బంగారమే. పట్టీలకు మాత్రం సుమ్మా, ఉత్త దండగ."

"తిరక్కుండా చీల పెడతానత్తా."

"పెట్టు. వేలాడే గుడ్డను నీ చీల పట్టుకుంటాదా?"

చెంచమ్మ మూట కింద పడేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. "స్కేలు యాడుండాది?"

"అమ్మా, బస్సు వచ్చేస్తాది!"

"పోనీరా. తిరుత్తణికి అదొక్కటేనా? బిడ్డ పుట్టేదాకా సరిపోయే పట్టీలు కోసిచ్చి వస్తా."

పాత చెక్క మీద గుడ్డ పరిచారు. అవతలి కొసన చెంచమ్మ రెండు చేతులతో స్కేలు అదిమింది. సరసమ్మ కత్తిని తనవైపు లాగసాగింది, చాలా నెమ్మదిగా.

"ఏంది వదినా, పదును పోయిందా?"

"పదునుకేం? నువ్వు గట్టిగా పట్టుకో," అన్నది సరసమ్మ.