పలకలు తీసిన వంతెన

పాలు పితికి బాల్చీతో వస్తూ మెహిటబుల్ ఆ ఘోరం కళ్ళారా చూసింది. ఇంగ్లండు రాజుగారి ఎర్రకోటు సిపాయిలు, ఊరి సభ నడిపే ముసలి ట్రాస్కును ఇంట్లోంచి వీధిలోకి ఈడ్చారు. బూట్లు కూడా తొడుక్కోనివ్వలేదు. ఆయన చేసిన నేరమల్లా ఊరి సభకు రమ్మని చర్చి తలుపుకు కాగితం అంటించడమే. తాతల నాటి నుంచీ ఫెర్న్‌హామ్ జనం ఆ సభలో చేతులెత్తి తమ పెద్దల్ని ఎన్నుకున్నారు, బడికీ రోడ్డుకీ ఖర్చు తేల్చుకున్నారు. ఇప్పుడు తన అనుమతి లేకుండా సభ పెట్టకూడదని బోస్టన్‌లో కూర్చున్న గవర్నరు హుకుం వేశాడు. ముసలాయన కాళ్ళు బురదలో ఈడ్చుకుపోతుంటే వీధంతా తలుపు సందుల్లోంచి చూస్తూ నిలబడింది. మెహిటబుల్ కూడా బాల్చీతో అక్కడే నిలబడిపోయింది. ఇంటికొచ్చాక చూసుకుంటే బాల్చీలో పాలు సగమే ఉన్నాయి.

మొగుడు ఎలీహు పీపాలు చేసేవాడు. మర్నాడు చేతిలో సుత్తి దించకుండానే మెల్లిగా కబురు చెప్పాడు.

"ట్రాస్క్ కుర్చీలో నన్ను కూర్చోమంటున్నారు."

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? రాజద్రోహమయ్యా అది! ఉరి తీస్తారు!"

"భయం నాకు మాత్రం లేదనుకున్నావా? పొద్దుట్నించీ ఒక్క పీపాకీ కట్టు సరిగ్గా పడలేదు."

"అయితే రానని చెప్పు."

"ప్రతివాడూ అలాగే చెప్తే ట్రాస్క్ సంగతేంటి? రేపు నన్ను ఈడ్చుకుపోతే ఎవరొస్తారు?"

ఆమెకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. అయినా ఆ మధ్యాహ్నం సభ జరిగే చర్చికి వెళ్ళి మేడమీద బల్ల మీద కూర్చుంది. ఓటు లేనివాళ్ళ చోటు అదే. ఆడవాళ్ళు ఒక వైపు, నల్ల బానిసలు ఇంకో వైపు.

ఎలీహు లేచి గొంతు సవరించుకున్నాడు. "కొత్త సభ పెట్టకూడదని కదా గవర్నరు హుకుం? పెట్టం. పోయిన శీతాకాలం సభను మనం ముగించలేదు, వాయిదా వేశాం. దాన్నే సాగిస్తున్నాం."

భయం భయంగానే జనం నవ్వారు. సంఘపెద్ద పార్మెంటర్ మాత్రం నవ్వలేదు. ఆ చుట్టుపక్కల ఆయనకున్నంత పొలం ఎవరికీ లేదు.

"గొడవలొద్దు నాయనా. రాజు మంచివాడే. పక్కనున్న మంత్రులే దుర్మార్గులు. ఇంకొక్క అర్జీ పెట్టుకుందాం."

"నా పెళ్ళి కాకముందు నుంచీ పెడుతున్నాం పెద్దాయనా!" అన్నాడు ఎలీహు. "ఏ అర్జీకి జవాబొచ్చింది? మనం ఓటేసి పంపిన మనిషి ఒక్కడైనా లేని సభ లండన్‌లో కూర్చుని మన మీద పన్ను వేస్తుంది. బోస్టన్ రేవు మూసి జనం కడుపు మాడ్చింది. మన జడ్జీల్ని వాళ్ళే వేస్తారు, మన నోరూ వాళ్ళే నొక్కుతారు. అడగకుండా చెయ్యి పెట్టి లాక్కునేవాణ్ణి దొంగ అంటాం. నెత్తిన కిరీటం ఉంటే దొంగ కాకుండా పోతాడా?"

"మనల్ని బానిసల్ని చేస్తున్నారు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మేడమీద క్వామినో లేచి నిలబడ్డాడు. పార్మెంటర్ బానిస అతను. "అయ్యగారూ, ఆ మాట నాకు బాగా అర్థమవుతుంది. మీకు రాజు పెట్టే బాధేదో, మీరు నాకు పెట్టేదీ అదే కదా?"

పార్మెంటర్ మొహం కందగడ్డయింది. ఎలీహు తల దించుకున్నాడు. అంతలో తలుపులు ధడాలున తెరుచుకున్నాయి.

కెప్టెన్ వెనకే తుపాకులు లోపలికొచ్చాయి. కెప్టెన్ కాగితం తీసి చదివాడు. ఈ క్షణమే చెదిరిపోండి, లేదా కాల్పులు.

మెహిటబుల్ మేడమీంచి ఎలీహు వైపు వంగి చూసింది. 'పారిపోవయ్యా' అనుకుంది మనసులో. అతను మాత్రం సభ వైపు తిరిగి ఎప్పటిలాగే అడిగాడు.

"సభ ముందుకు ఒక ఆజ్ఞ వచ్చింది. పాటించాలన్నవాళ్ళు చేతులెత్తండి."

పార్మెంటర్ ఒక్కడి చెయ్యి లేచింది.

"వద్దన్నవాళ్ళు?"

హాలంతా చేతులే. రాజుగారి ఆజ్ఞను ఓటుకు పెట్టడమేమిటో కెప్టెన్‌కు అంతు పట్టలేదు. ముందు తెల్లబోయాడు, తర్వాత మండిపడ్డాడు. ఎలీహును రెక్కలు విరిచి కట్టారు. ఊరు తన కాపలా కోసం దాచుకున్న మందుగుండు పీపాలు బండికెక్కించి, వాటి పక్కనే అతన్నీ పడేశారు.

"వంతెన!" అన్నాడు క్వామినో. "బోస్టన్ పోవాలంటే ఏటి వంతెన దాటాలి, బండి రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలి. పొలాలకి అడ్డంపడితే మనమే ముందు చేరతాం!"

పరిగెత్తారు. తుపాకులున్నవాళ్ళు తుపాకులతో, లేనివాళ్ళు గునపాలతో. వంతెన దాటి బోస్టన్ వైపు ఒడ్డు చేరి, వంతెన మధ్య చెక్కపలకలు ఊడబెరికి ఒడ్డున గుట్ట పోశారు. మెహిటబుల్ గోళ్ళు చీరుకుపోయి రక్తాలు కారాయి. అయినా పలకలు మోస్తూనే ఉంది. అవతలి ఒడ్డున దుమ్ము లేచింది. ఎర్రకోట్లు వచ్చేశాయి.

గొడవ ఆపాలని వెంట వచ్చిన పార్మెంటర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, మిగిలిన పలకల అంచుదాకా నడిచాడు. "నేను మాట్లాడతాను. వాళ్ళ మాటకు చెయ్యెత్తినవాణ్ణి, నన్నేం చేస్తారు?" అని వెనక్కి తిరిగి చెప్పి, అటు కేకేశాడు.

"కెప్టెన్ గారూ, రాజుగారి విధేయుణ్ణి, ఒక్క మనవి..."

అవతల ఏ సిపాయి వేలు జారిందో, ఢామ్మన్నది. పెద్దాయన మోకాళ్ళ మీద కూలి పక్కకు ఒరిగాడు. క్వామినో వెళ్ళి ఆయన్ను ఈడ్చుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టాడు. అప్పటికే ప్రాణం పోయింది.

"అర్జీ పెట్టుకుంటే ఇదా జవాబు?" అని ఒకాయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

కెప్టెన్ అటువైపు నుంచి అరిచాడు. "పలకలు వెయ్యండి! బండి దాటగానే మీ పీపాలవాణ్ణి వదిలేస్తాను. వెయ్యకపోతే బండి వదిలేసైనా వీణ్ణి ఏట్లోంచి ఈడ్చుకెళ్తాను, రేపు బోస్టన్‌లో ఉరే!"

"వెయ్యొద్దు! ఆ మందుగుండుతో మన ఊళ్ళనే కాలుస్తారు!" బండిలోంచి ఎలీహు కేక. ఎవరో తుపాకీ మడమతో అతని నోటి మీద కొట్టారు.

మగవాళ్ళంతా మెహిటబుల్ వైపు తిరిగారు. "నీ మొగుడమ్మా. నువ్వెలా చెప్తే అలాగే."

ఎన్నడూ ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఇవాళ అడిగారు, అదీ ఇంత ఘోరమైన మాట. వెయ్యండి అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఎలీహు నోటి వెంట రక్తం ఇక్కడికి కనబడుతోంది.

"నన్నొక్కదాన్నే అడగొద్దు," అంది చివరికి. "ఇది సభ కాదా? ఓటుకు పెట్టండి. ఇక్కడున్న అందర్నీ అడగండి. ఆడవాళ్ళనీ, క్వామినోనీ."

మిల్లు నడిపే ఆయన గట్టిగా అడిగాడు. "పలకలు వెయ్యాలన్నవాళ్ళు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"వద్దన్నవాళ్ళు?"

మెహిటబుల్ చెయ్యెత్తింది. రక్తం కారుతున్న ఆ వేళ్ళు ఎలీహుకు కనబడేలా నిలబెట్టింది. క్వామినో ఎత్తాడు. ఆడవాళ్ళు ఎత్తారు. అప్పుడు మగవాళ్ళు ఎత్తారు. అవతల సిపాయిలు తుపాకులు ఎక్కుపెట్టారు.

ఆమె గుట్టలోంచి ఒక పలక లాగి ఏట్లోకి విసిరింది.