మరిడమ్మ కేక

మరిడమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కవళ్ల చేపలకి పొలుసు తీస్తోంది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా వశం కాలేదు. చేపను ఎడమచేత్తో పట్టుకుని మెల్లగా కత్తికి రాస్తోంది. పక్కనే అరుగు మీద ఆమె మొగుడు అప్పలసూరి, తన చెల్లెలు బుల్లమ్మతో మాట్లాడుతున్నాడు, మరిడమ్మ అక్కడ లేనట్టే.

"ఎల్లుండి నించి సేపల గంప నువ్వే అట్టుకెల్లు. నర్సన్నపేట వీదులు, రోజూ కొనీ ఇల్లు, అన్నీ నీవే. ఇదింకేటి అమ్ముతాది? నోరు పోనాది, బుర్రా పోనాది."

బుర్ర పోలేదు. ఏడు నెలల కిందట మూతి వంకరపోయి పడిపోయిన రోజు నుంచి ఈ రోజు దాకా ఆమె ఒక్క మాటా మరిచిపోలేదు. అన్నీ లోపలే ఉన్నాయి, వలలో చేపల్లా తన్నుకుంటూ. పైకి లాగబోతే "అది... అది..." తప్ప ఏదీ రాదు. దాహమేసినా అదే, ఆకలేసినా అదే. ముప్పై ఏళ్లు ఆయన ఆమెను వాగుడుకాయ అన్నాడు. "దీని నోటికి తాళమేసినోడికి పులుసెట్టి బోజనం పెడతాను" అని నలుగురిలో నవ్వేవాడు. తాళం పడ్డాక మాత్రం ఆ భోజనం ఊసెత్తలేదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి గ్లోరీ దగ్గరికి మరిడమ్మతో పాటు జగన్నాధం మాస్టారని ఒకాయన కూడా వచ్చేవాడు. ఆయనదీ ఈ జబ్బే, ఇంకో రకం. గడగడా మాట్లాడేవాడు. "మంగళవారం గొడుగు ఉడకలేదు బాబూ, అందుకే కాలవ నన్ను సంతకం అడిగింది" అనేవాడు. ఒకరోజు అప్పలసూరి చేతులు కట్టుకుని అరగంట విన్నాడు. "నిజిమేనండి, అంతేనండి" అన్నాడు. బయటికొచ్చి, "సదూకున్నోల మాట, లోతుగుంటాది" అన్నాడు. మొగుడి మొహం చూసి మరిడమ్మకి నవ్వాగలేదు. ఈ ముప్పై ఏళ్లలో ఈయన తన మాట అరగంట విన్న రోజుందా?

ఆ నవ్వు గ్లోరీ కంటపడింది. "నీకు అంతా తెలుస్తోంది పిన్నీ. మాస్టారికి మాట పారుతోంది గానీ, అందులో అర్థం నిలవట్లేదు. మనం చెప్పేదీ ఆయనకి సరిగా అందదు. నీకు అర్థం ఉంది, మాటకే దారి దొరకట్లేదు. పాటలూ, ఏళ్ల తరబడి నోట్లో నానినవీ ఒక్కోసారి వేరే దారిన వచ్చేస్తాయి. చూద్దాం" అంది.

అరుగు మీద బుల్లమ్మ గంపను తిప్పి చూసుకుంది.

"కేకెలగెయ్యాల అన్నా? ఇలగా?" అని లేచి నిలబడి అరిచింది. "సేపల్! సేపలొచ్చాయ్!"

గేదెను తోలినట్టుంది. గోడవార పడుకున్న కుక్క లేచి పోయింది. పొయ్యి దగ్గరున్న కోడలు అనూరాధ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరిడమ్మకి ఒళ్లు మండిపోయింది. ఆ కేకకి తలుపు తీసేదెవరు? కేక నేల మీద మొదలై మేడ మెట్లెక్కాలి, వంటింట్లో ఉన్న మనిషి చేతిలో గరిటె ఆగాలి, చివర్న సాగదీసి వదిలెయ్యాలి. కత్తిపీట వదిలి లేచింది. చెప్పాలని అనుకోలేదు. నోరే తెరుచుకుంది.

"సేపలో... పచ్చి సేపలమ్మా... కవళ్లు, కానాగంతలు, రొయ్యలమ్మో..."

పెరడంతా మోగిపోయింది. ఒక్క అక్షరం తడబడలేదు.

"ఓలమ్మ! వొదినకి నోరొచ్చీసింది!" బుల్లమ్మ గంప కింద పడేసింది.

అప్పలసూరి పరుగున వచ్చాడు. "ఏదీ, మావా అను. మావా!"

మరిడమ్మ ప్రయత్నించింది. "అది..." అంది.

"ఇదేటి సిత్రం! సేపల్ని పిలుస్తాది గానీ మొగుణ్ని పిలవదా?"

"కూడెట్టినోల్నే పిలుస్తాది మరి" అంది బుల్లమ్మ.

అనూరాధ ఇక దాచుకోలేక పగలబడి నవ్వింది. మరిడమ్మా నవ్వింది. నవ్వుకి మాట అక్కర్లేదు.

"కేకొచ్చింది, సరే. బేరమెలగాడతాది?" అన్నాడాయన.

మరిడమ్మ ఒక చేప అందుకుని మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది. ఎడమచేతి వేళ్లు చాపింది. ఆయన ఒక వేలు మడిచేసరికి కళ్లెర్రజేసి, చేపను వెనక్కి లాక్కుని, వెళ్లిపోతున్నట్టు నడుం తిప్పింది.

"బాబోయ్, నేనే కొనీస్తాను! నాకొద్దన్నా ఈ గంప" అని బుల్లమ్మ దండం పెట్టేసింది.

"కుదరదంటే కుదర్దు. దీన్ని ఇంటికాడ కూకోమను" అన్నాడు అప్పలసూరి.

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే వీధి గుమ్మం దగ్గర మరిడమ్మ సర్దుకున్న సగం గంప చేపలున్నాయి. సగం గంపైనా ఎవరికి వాళ్లు తలకెత్తుకోలేరు, ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఆ ఒక్క చెయ్యి కోసం ఇన్నేళ్లూ మరిడమ్మ మొగుణ్ని అడిగేది. ఆయన కదిలేలోపు ఆయన అడిగే ప్రశ్నలన్నిటికీ సమాధానం చెప్పుకునేది. అనూరాధ అడక్కుండానే వచ్చి గంప అంచు పట్టుకుంది.

"ఎక్కడికే? ఎప్పుడొస్తావు? కూరేటొండేవు?" మంచం మీద నుంచి అప్పలసూరి లేచి కూర్చున్నాడు.

మరిడమ్మ ఆగింది. ఏడు నెలల్లో మొదటిసారి, రాని మాట కోసం లోపలెక్కడా వెతకలేదు. వచ్చే కేకను నర్సన్నపేట మొదటి వీధి కోసం దాచుకుంది. తల మీద గంప సర్దుకుని, కోడలి బుగ్గ తట్టి, గడప దాటి, ఒక్క మాటైనా లేకుండా వెళ్లిపోయింది.